జనం లేని దీవికి ఇరవై రెండు ముడుపులు

బుధవారం మంజులకు వారపు సెలవు. పొద్దున్నే టీ తాగి, పక్కింటి రుక్మిణమ్మకు ఒక్క మాట చెప్పి, ఆ తర్వాత శంషాబాద్ బజారుకు వెళ్ళి మంచి టార్చిలైటు ఒకటి కొనుక్కోవాలన్నది ఆ రోజుకు ఆమె వేసుకున్న పథకం. ఇందులో టార్చిలైటు బేరమే కష్టమని ఆమె అంచనా. రుక్మిణమ్మతో మాట రెండు నిమిషాల్లో తేలిపోతుందనుకుంది. తీరా చూస్తే టార్చిలైటు ఐదు నిమిషాల్లో దొరికింది. రుక్మిణమ్మకు చెప్పిన మాట మాత్రం ఇవాళ్టికీ తేలలేదు.

మంజులకు నలభై తొమ్మిదేళ్ళు. పన్నెండేళ్ళుగా విమానాశ్రయంలో పెట్టెలకు ప్లాస్టిక్ కాగితం చుట్టే కౌంటర్లో పనిచేస్తోంది. దుబాయికి పోయే పెట్టె అయినా, ఢిల్లీకి పోయే పెట్టె అయినా ఆమె ముందు గిర్రున తిరిగి, నిగనిగలాడుతూ వెళ్ళిపోవలసిందే. ఏ పెట్టెనైనా చేత్తో ఎత్తి చూసి ఎన్ని కిలోలో చెప్పేస్తుంది. అరకిలో తేడా వచ్చిందంటే ఆ పూట ఆమెకు అన్నం సహించదు. రోజుకు కొన్ని వందల మంది ఆమె ఎదుట నిలబడతారు గానీ అందరి చూపూ పెట్టె మీదే. ఆమె ముఖం చూసినవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళు కూడా బాత్రూం ఎటు అని అడగడానికే చూశారు.

ఇంటికొస్తే మరో సంగతి. విమానాశ్రయానికి భూములిచ్చిన ఊళ్ళలో ఒక ఊరి జనం కొందరు కూడబలుక్కుని వచ్చి కట్టుకున్న వీధి అది. మొత్తం ఇరవై మూడు ఇళ్ళు. ఒక ఇంట్లో పోపు వేస్తే మూడో ఇంట్లో తుమ్ముతారు. అంత దగ్గరగా బతుకుతున్న వీధిలో మంజుల నాలుగేళ్ళుగా ఒక్కతే. భర్త లక్ష్మణ్ గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. ఆయన పోయిన నాటి నుంచి సీమంతాలకూ, వ్రతాలకూ, బారసాలలకూ పిలుపు ఆగిపోయింది. ఎవరూ ముఖం మీద ఏమీ అనలేదు, కాలం మారింది కదా. "నీకు డ్యూటీ ఉంటది గద మంజులా, అందుకే చెప్పలే" అంటారు. ఈ నాలుగేళ్ళలో ఇరవై రెండు ఇళ్ళలో జరిగిన ప్రతి శుభకార్యమూ సరిగ్గా ఆమె డ్యూటీ రోజునే పడింది. బుధవారం జరిగినవి కూడా.

అలాంటి మంజులకు ఒక రోజు భోజనం వేళలో ఫోను తిప్పుతుంటే అండమాన్‌లోని ఓ చిన్న దీవి కనిపించింది. పెద్ద హోటళ్ళు లేవు, ఆటల పడవలు లేవు, గుంపులు లేవు. అడవి, సముద్రం, పక్షులు, ఒక ఆవిడ నడిపే నాలుగు గదుల బస. పని చేసి చేసి విసిగినవాళ్ళు అక్కడికి కావాలని ఒంటరిగా వెళ్ళి కూర్చుంటారట. ఆ ఒక్క వాక్యాన్ని మంజుల నాలుగైదుసార్లు చదివింది. ఇక్కడ ఒంటరిగా కూర్చుంటే పాపం అంటారు. అక్కడ ఒంటరిగా కూర్చోవడానికి జనం విమానమెక్కి వెళ్తారు. ఐదు రోజులు, ఐదంటే ఐదే రోజులు, ఎవరూ జాలిపడని చోట ఒంటరిగా ఉండి రావాలని ఆమెకు గట్టిగా అనిపించింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే పహాడీ షరీఫ్ దర్గా గుట్ట మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది. దీవిలో అడవి నడక ఉంటుందనీ, మోకాళ్ళు అలవాటు పడాలనీ ఆమె ఉద్దేశం.

రుక్మిణమ్మ ఆ వీధికి పెద్దది. అరవై అయిదేళ్ళ మనిషి, నుదుట రూపాయంత బొట్టు, తలలో ఎప్పుడూ పూలు. మంజుల వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"పెద్దమ్మా, వచ్చే బుధవారం నుంచి ఐదు రోజులు నేనుండ. జర ఇల్లు చూస్తుండు."

"యాడికి బిడ్డా?"

"అండమాన్ అని, సముద్రం నడుమ ఒక దీవి ఉంటది. ఆడికి."

"ఎవరెవరు పోతున్నరు?"

"ఎవరు లేరు. నేనొక్కదాన్నే."

"ఆడ చుట్టాలున్నరా?"

"లేరు."

"మరి ఆడ ఏమున్నదే?"

"ఏమున్నది పెద్దమ్మా, చెట్లు, సముద్రం. పోయి ఊకె కూసుంట."

రుక్మిణమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆమె అరవై అయిదేళ్ళ అనుభవంలో ఆడమనిషి ఒంటరిగా బయలుదేరేది రెండు చోట్లకే. ఒకటి దవాఖాన, రెండు తీర్థం. ఈమె నిక్షేపంలా ఉంది కాబట్టి దవాఖాన కాదు. ఆదివారం ఆదివారం గుట్ట మెట్లు ఎక్కుతోంది, అంటే మొక్కు ఉంది. లక్ష్మణ్ ఐదో సంవత్సరీకం దగ్గరకొస్తోంది. పైగా సముద్రం. పైగా పోయి ఊరికే కూర్చుంటుందట! రుక్మిణమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి.

"లక్ష్మణ్ పేరు మీదనా బిడ్డా?"

మంజులకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. కానీ నాలుగేళ్ళ తర్వాత ఈ వీధిలో ఆయన పేరు ఒకరి నోట వినబడింది. "ఆయన ఎన్నడు సముద్రం చూడలే పెద్దమ్మా" అంది. అది నిజమే. ఆ నిజంతోనే కొంప మునిగింది. రుక్మిణమ్మ లోపలికి వెళ్ళి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ఒకటి పెట్టి మూడు ముళ్ళు వేసి, కళ్ళకద్దుకుని తెచ్చి మంజుల చేతిలో పెట్టింది.

"మోకాళ్ళ నొప్పులు బిడ్డా. సామికి నా పేరు చెప్పి కట్టు."

"పెద్దమ్మా, ఆడ సామి గీమి..."

"యాత్రకు పోయేటోళ్ళు ముడుపు కాదనొద్దు. తీసుకపోయెటోళ్ళకు దోషం, పంపినోళ్ళకు దోషం." అని ఆమె మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

ఆ చిక్కుడుకాయలు ఉడికేలోగా సంగతి వీధి ఆ చివరికి చేరింది. మంజుల టార్చిలైటుతో తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు ఆరుగురు ఆడవాళ్ళు. వ్యాను నడిపే ఉపేందర్ భార్య అఖిల చేతిలో జానెడు చెక్క ఉయ్యాల ఉంది. పెళ్ళయి ఆరేళ్ళు, ఇంకా పిల్లలు లేరు. వాళ్ళ వెనకే వచ్చిన, పాల వ్యాపారం చేసే శివశంకర్ ఒక పసుపు మూట ఇచ్చి, "తప్పిపోయిన బర్రె కోసమక్కా. సూడి బర్రె. మూడు వారాలాయె" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకొకరు కంటి శుక్లాలకని వెండి కళ్ళు ఇచ్చారు. మంజుల ఒక్కొక్కరికీ నిజం చెప్పబోయింది. ఒక్కొక్కరూ చెప్పుకునే బాధ ముందు ఆమె నిజం మరీ చిన్నదిగా కనిపించి నోట్లోనే ఉండిపోయింది. నాలుగేళ్ళలో ఆ గుమ్మం ముందు అంతమంది చెప్పులు విప్పడం అదే మొదటిసారి. ఆ చెప్పుల్ని చూస్తూ మంజుల అందరికీ టీ పెట్టింది.

మర్నాటి నుంచి భోజనాలు మొదలయ్యాయి. యాత్రకు పోయే మనిషికి అన్నం పెట్టి పంపితే యాత్రాఫలంలో వాటా వస్తుందని రుక్మిణమ్మ భర్త పెంటయ్య తేల్చాడు. వీధిలో శాస్త్రం ఏదైనా ఆయన నోటి నుంచే వెలువడాలి. ఇళ్ళు ఇరవై రెండు, రోజులు ఆరు. పెంటయ్య ఒక కాగితం మీద గళ్ళు గీసి, పొద్దుటికి ఒక ఇల్లు, మధ్యాహ్నం డబ్బాకు ఒక ఇల్లు, సాయంత్రానికి రెండిళ్ళు చొప్పున పంచాడు. ఏ ఇల్లూ తప్పిపోకూడదు కాబట్టి మంజుల తినక తప్పదు, ముడుపు ఇంకా ఇవ్వనివాళ్ళు విస్తరి దగ్గరే ఇచ్చేవారు. యాత్ర మనిషి కదా, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, నీసు అసలే లేదు. ఉపేందర్ ఇంట్లో వంటింట్లోంచి కోడికూర వాసన గుప్పున వస్తుంటే ముందు గదిలో ఆమెకు సొరకాయ కూర వడ్డించారు. "నువ్వు పుణ్యాత్మురాలివి వదినె" అన్నాడు ఉపేందర్, మూతి తుడుచుకుంటూ.

కౌంటర్లో ఆమెతో పాటు పనిచేసే శ్రీలతకు మాత్రమే అసలు సంగతి తెలుసు. మధ్యాహ్నం డబ్బాలోని పులిహోర సగం ఆ పిల్లే తింటోంది.

"చెప్పెయ్ అక్కా. టూరుకు పోతున్న అని ఒక్క ముక్క. ఏమైతది?"

"ఏం గాదు. పిలుసుడు బంద్ జేస్తరు."

"గిప్పుడు గాకపోతే వచ్చినంక తెలుస్తది గద."

"వచ్చినంక ముచ్చట వచ్చినంక. గిప్పుడైతే ఇంక పదకొండిళ్ళున్నయి" అంది మంజుల. ఆమె తనకు తెలియకుండానే ఆ కాగితంలో మిగిలిన గళ్ళు లెక్కపెట్టుకుంటోంది. ఒక్క గడి తగ్గినా దిగులుగా ఉంటోంది.

అయినా మనసొప్పక, ఆదివారం పెంటయ్య ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఫోను తీసి దీవి బొమ్మ చూపించింది. బొమ్మలో తెల్లటి ఇసుక, నీలం నీళ్ళు, ఒడ్డున ఒక పెద్ద చెట్టు. "పెద్దబాపూ, సూడు. ఆడ గుడి లేదు. ఏ దేవుడు లేడు. ఉత్త చెట్టు, నీళ్ళు. నేను పోయేది..."

పెంటయ్య కళ్ళజోడు సర్దుకుని బొమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత అందరికీ వినబడేలా చెప్పాడు. "గుడి లేదంటే గోపురం కన్నా ముందటి సామి అన్నట్టు. ఆకారం లేదు. సముద్రమే అభిషేకం జేస్తది. మంజులకు కలల కనబడ్డడో ఏమో, బయటికి చెప్తలేదు."

రుక్మిణమ్మ ఫోనును కళ్ళకద్దుకుంది. ఆ అద్దడంలో వేలు తగిలి బొమ్మ మారి, ఏదో సబ్బు ప్రకటన వచ్చింది. దానికి కూడా ముగ్గురు దండం పెట్టారు. మంజుల ఇంకేదో అనేలోపు విస్తట్లో రెండో బొబ్బట్టు పడింది, దాని మీద నెయ్యి. ఆమె తల దించుకుని తినేసింది.

ప్రయాణం రోజు పొద్దున రెండు వ్యాన్లలో వీధంతా విమానాశ్రయానికి కదిలింది. డప్పులు కూడా వచ్చాయి. డప్పులు గేటు దగ్గరే ఆపించిన జవాను, మంజుల మెడలో మూరెడు మందం బంతిపూల దండ చూసి, ఎన్నికల్లో గెలిచిన మనిషేమోనని పక్కకు తప్పుకున్నాడు. లోపల శ్రీలత ఆమె పెట్టె చేతికి తీసుకుని నవ్వు ఆపుకోలేకపోయింది. మంజుల ఎత్తకుండానే చెప్పింది. "ఇరవై కిలోలున్నది. ఐదు తగ్గాలె." ముడుపులు తీయడానికి వీల్లేదు. ఉయ్యాల తీయడానికి వీల్లేదు. అడవి నడకకని కొన్న కాన్వాసు బూట్లు, పక్షుల పుస్తకం, రెండు చీరలు, టార్చిలైటు తీసి శ్రీలతకిచ్చేసింది. పెట్టె మూత పడింది. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ యంత్రం మీద ఆమె సొంత పెట్టె గిర్రున తిరిగింది.

దీవి బొమ్మలో ఉన్నట్టే ఉంది. అబద్ధం ఏమీ లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, పడవెక్కి వెళ్ళి, సాయంత్రానికి ఆ చెట్టు కింద కూర్చుంది. బస నడిపే ప్రియదర్శిని తెలుగావిడే. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. "ఇక్కడ మిమ్మల్ని ఎవరూ డిస్టర్బ్ చెయ్యరండి. నేను కూడా భోజనం గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్ళిపోతానండి" అని చెప్పి, చెప్పినట్టే చేసింది. గుమ్మం దగ్గర మూత పెట్టిన కంచం చూసి మంజుల మనసు చివుక్కుమంది. సముద్రం ఒకే మాట పదే పదే అంటోంది, అదీ ఆమెతో కాదు. డ్యూటీ దిగి తాళం తీసి ఇంట్లో అడుగుపెడితే వినబడే నిశ్శబ్దం ఇదే. దీని కోసం విమానమెక్కి ఇంత దూరం రానక్కర్లేదు. అక్కడైతే కనీసం రుక్మిణమ్మ కుక్కరు కూతలన్నా వినబడతాయి. జాలిపడేవాళ్ళు లేకపోతే ఒంటరితనం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. మంజుల చీర కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. చూసేవాళ్ళెవరూ లేరని గుర్తొచ్చి కొంగు తీసేసి గట్టిగా ఏడ్చింది.

మర్నాడు పెట్టె తెరిచి ముడుపులు బయటికి తీసింది. వీటిని ఏం చేయాలన్నది పెద్ద సమస్య. దేవుడు లేడు. పారేయడానికి చేతులు రావు. చివరికి ఆ చెట్టు దగ్గరికే పట్టుకెళ్ళి, ఒక కొమ్మకు రుక్మిణమ్మ ముడుపు కట్టి, "మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగుడు కష్టమైతున్నది" అని పైకే చెప్పింది. ఎవరికి చెప్పిందో ఆమెకూ తెలియదు. చెప్పాక బాగున్నట్టనిపించింది. రెండోది కట్టింది. శివశంకర్ బర్రెకు కొమ్ము వంకర అనీ, ఎడమ చెవికి చీలిక ఉందనీ గుర్తులు కూడా చెప్పింది. ఆ ఆరు రోజుల భోజనాల్లో ఇరవై రెండు ఇళ్ళ కష్టాలూ ఆమెకు కంఠస్థమయ్యాయి. ఒక్కొక్కటీ వివరంగా చెప్పేసరికి మూడు రోజులు పట్టింది. చివరి రోజు ఉయ్యాల కట్టి, మొత్తం చెట్టును ఫోనులో ఫొటో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. నీలం సముద్రం ముందు చెట్టు నిండా పసుపు మూటలు. నిజంగానే అందంగా ఉంది. అందరి పనీ చేసింది గానీ అక్కడ ఆమె అడవిలో అడుగు పెట్టలేదు, ఒక్క పక్షి పేరూ తెలుసుకోలేదు.

ఫొటో చేరిన గంటలో శివశంకర్ బర్రె దొరికింది. జల్‌పల్లి దగ్గర ఎవరిదో ప్లాటులో గడ్డి మేస్తూ కనిపించింది, పక్కన దూడతో సహా. అది తప్పిపోయిన నాటి నుంచీ అక్కడే ఉందనీ, ప్లాటు కాపలావాడు దాని పాలతోనే టీ తాగుతున్నాడనీ తర్వాత తెలిసింది గానీ ఆ వివరం ఎవరికీ పట్టలేదు. మంజుల తిరిగొచ్చేసరికి రుక్మిణమ్మ బిందెతో నీళ్ళు పట్టుకుని గుమ్మం ముందు నిలబడి ఆమె కాళ్ళు కడిగింది. ప్రసాదం అడిగారు. మంజుల దగ్గర గవ్వలు తప్ప ఏమీ లేవు. ఇంటికొకటి ఇచ్చింది. అవి ఇరవై రెండు దేవుడి గూళ్ళలో కుంకుమ బొట్లతో కొలువుదీరాయి.

తర్వాతి నెలలో అఖిల నెల తప్పింది. ఇక ఆ వీధిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. పెంటయ్య స్వామికి నిరాకార సముద్రేశ్వరుడని పేరు పెట్టాడు. ఉపేందర్ వ్యాను వెనక అద్దం మీద ఆ పేరు ఎర్ర అక్షరాలతో రాయించాడు. మొక్కు తీరినవాళ్ళు వెళ్ళి చెల్లించాలి, తీరనివాళ్ళు వెళ్ళి అడగాలి. అందరూ కలిసి బయలుదేరాలని అనుకుంటున్నారని మంజులకు నీళ్ళ ట్యాంకరు దగ్గర తెలిసింది.

ఆ రాత్రి ఆమెకు సంతోషంతో నిద్ర పట్టలేదు. ఈసారి దీవి నిండా మన మనుషులే ఉంటారు. పడవలో ఎటు కూర్చుంటే నీళ్ళు తక్కువ చిందుతాయో తనకే తెలుసు. రుక్మిణమ్మను ఇసుకలో చేయి పట్టుకుని నడిపించాలి. మర్నాడే తేదీ ఖాళీ వదిలి సెలవు చీటీ రాసి ఇచ్చింది. కొత్త చీరకు అంచు కుట్టించుకుంది. ఎవరైనా వచ్చి ఎప్పుడు పోదామని అడుగుతారని ఎదురుచూసింది. వీధిలో పెట్టెలు కొంటున్నారు, మనుషులు ఆమె గుమ్మం ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతున్నారు. పదిహేను రోజులు గడిచాయి. చివరికి ఒక పొద్దున రుక్మిణమ్మ వచ్చింది, చేతిలో తాళంచెవితో.

"ఎల్లుండి పోతున్నం బిడ్డా. ఇల్లు జర చూస్తుండు. తులసమ్మకు నీళ్ళు పొయ్యి."

మంజుల తాళంచెవి అందుకోలేదు. "నేను గూడ సెలవు పెట్టిన పెద్దమ్మా."

రుక్మిణమ్మ ముఖం నిజంగానే బాధగా మారింది. "ఉపేందర్ నాలుగు గదులు, మిగిలినోళ్ళకు గుడారాలు, అన్ని ఇద్దరిద్దరికే మాట్లాడిండంట. జంటలకే అన్నట్టు. జంట లేని ముసలోళ్ళను, పిల్లలను గూడ చుట్టాలిండ్లకు తోలిచ్చినం. మీ పెద్దబాపు ఆడ వ్రతం పెట్టిండు, పీటల మీద ఆలుమగలు కూసోవాలె గద. ఇగ నీకంటే డ్యూటీ..." అని ఆగింది. సెలవు పెట్టానని ఇప్పుడే విన్న సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

అప్పుడు మంజుల చెప్పేసింది. ఎన్ని విస్తళ్ళ ముందు మింగిందో ఆ నిజం మొత్తం ఒక్క గుక్కలో బయటికొచ్చింది.

"పెద్దమ్మా, ఆడ దేవుడు లేడు. ఎన్నడు లేడు. అది ఉత్త చెట్టు. నేను తీర్థానికి పోలే. ఈడ ఒక్కదాన్నే ఉంటే అందరు పాపమంటరని, ఆడైతే అనరని పోయిన. పోయి ఏడ్సుకుంట కూసున్న. మీ ముడుపులు యాడ కట్టాల్నో తెల్వక చెట్టుకు కట్టిన. అంతే. మీరు పోయి ఆడ చూసేదేం లేదు."

రుక్మిణమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కోపం తెచ్చుకుంటుందేమోనని మంజుల ఆశపడింది. కోపమైతే జవాబు చెప్పవచ్చు. రుక్మిణమ్మ మాత్రం దగ్గరికి జరిగి ఆమె తల నిమిరింది.

"నీకు కనబడలేదా బిడ్డా?" అంది ఎంతో మెల్లగా. "పాపం."

తాళంచెవి మంజుల అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి వెళ్ళిపోయింది. మంజుల గుమ్మంలో అలాగే నిలబడింది. ఏ మాటకు భయపడి సముద్రం దాటిందో ఆ మాటే రుక్మిణమ్మ తన చేతిలో పెట్టి వెళ్ళింది. సాయంత్రానికి మిగతా ఇరవై ఒక్క తాళంచెవులు కూడా వచ్చాయి. ఒక్కోదానితో ఒక్కో మాట. మా మోటరు అరగంటకు బంద్ చెయ్, మా పిల్లికి పాలు పొయ్, నీ నోటి మాట చల్లనిది, మా కోసం ఈడి నుంచే మొక్కు.

సెలవు రద్దు చేసుకుని ఆమె డ్యూటీకి వెళ్ళింది. నలభై నలుగురు ఆమె కౌంటరు ముందు వరుసగా నిలబడ్డారు. నలభై నాలుగు పెట్టెలు చుట్టింది. అన్నిటిలోనూ పసుపు గుడ్డలు, గంటలు, ఇత్తడి దీపాలు, బరువు మించిన భక్తి. అందరూ ఆమెను పేరు పెట్టి పలకరించారు. పెంటయ్య వంతు వచ్చినప్పుడు ఆయన పెట్టెను ఎత్తి చూసి, "ఇరవై రెండున్నర ఉన్నది పెద్దబాపూ" అంది మంజుల. విమానం వాళ్ళ తూకంలో ఇరవై నాలుగు తేలింది. శ్రీలత ఆశ్చర్యపోయి ఆమె వైపు చూసింది.

మూడో రోజు ప్రియదర్శిని ఫోను చేసింది. వెనక మైకులో పెంటయ్య మంత్రాలు వినబడుతున్నాయి.

"మంజుల గారూ, మీరు ఈమధ్య ఇటు వచ్చే ఆలోచన ఏమన్నా ఉందాండి? ఉంటే దయచేసి మానుకోండి. చెట్టు చుట్టూ జనమండి. పక్క దీవి నుంచి కూడా పడవలు వేసుకొచ్చేస్తున్నారు. కొబ్బరికాయల కొట్టు పెట్టేశారు, చెప్పులకు టోకెన్లు ఇస్తున్నారు. మీలాగా ఒంటరిగా, ప్రశాంతంగా ఉండాలనుకునేవాళ్ళకు ఇది ఇక పనికిరాదండి."

"మంచిదమ్మా. నాకు ఈడనే బాగున్నది" అంది మంజుల.

అది అబద్ధం. వీధిలో పోపు వాసన లేదు, కుక్కరు కూత లేదు, గోడ అవతల దగ్గు లేదు. మనుషులు లేని చోటు కోసం వెతుక్కుంటూ పోయిన మనిషికి ఆ చోటు తన గుమ్మం దాకా నడిచొచ్చి కూర్చుంది. తనను పిలవని మనుషుల కోసం ఇంతగా బెంగ పెట్టుకోవడం ఆమెకే సిగ్గనిపించింది. అయినా బెంగ బెంగే. పొద్దున్నే తాళంచెవుల గుత్తి పట్టుకుని ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్ళి, తులసికి నీళ్ళు పోసి, ప్రతి ఇంట్లోనూ రెండు నిమిషాలు కూర్చుని వచ్చేది.

నాలుగో రోజు పన్నెండో ఇంటి గేటు వేసి వస్తుంటే, మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న మనిషి ఒకాయన వీధి మొదట్లో నిలబడి ఉన్నాడు. పురపాలక సంఘం వాళ్ళు ఇంటింటికీ తిరిగి జనాన్ని రాసుకుంటున్నారట. అన్ని గుమ్మాలకూ తాళాలు చూసి అతను విసిగిపోయి ఉన్నాడు.

"ఏందమ్మా, ఈ వీధిల ఎవరు ఉండరా?"

"అందరు తీర్థం పోయిన్రు సార్. ఎవరు లేరు" అంది మంజుల.

అతను ఇరవై మూడు ఇళ్ళకూ కలిపి ఒకటే గీత గీసి, పక్కన 'ఖాళీ' అని రాసుకుని వెళ్ళిపోయాడు.